మోత్కూర్ నుంచి రెడ్‌హిల్స్ దాకా: రంది తగ్గించే సంగతులు, మీకు తెలుసా?

మన ఊళ్లలో ఆ జబ్బు పేరు పైకి అనరు. "పెద్ద రోగం" అని గొంతు తగ్గిస్తారు, లేదంటే "పట్నం దవాఖానకు తిరుగుతున్నరు" అని ఊరుకుంటారు. 2016 అక్టోబర్ 11 దాకా నల్లగొండ జిల్లాలోనూ, ఆ రోజు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ ఉన్న మోత్కూర్ ఇందుకు మినహాయింపు కాదు. కీమోకైనా, జనం "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్‌కైనా ఎక్కువమంది హైదరాబాద్ దారే పడతారు. వంద కిలోమీటర్ల లోపు ప్రయాణమే, కానీ ఒక్కసారితో తీరేది కాదు. కీమో చాలామందికి మూడు వారాలకోసారి ఉంటుంది. రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి సాగుతుంది.

గడ్డ సంగతి డాక్టర్లు చూస్తారు. రేపు కీమో అనగా రాత్రంతా పట్టని నిద్ర, రిపోర్టు కవరు చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు కొట్టుకునే గుండె, వీటి సంగతి ఎవరు చూడాలి? ఇందుకు పనికొచ్చే పద్ధతులు ఉన్నాయి. చాలావాటికి పైసా ఖర్చు లేదు. వాటి వెనక ఉన్న కథలు కొన్ని ఆశ్చర్యంగానూ ఉంటాయి.

రెడ్‌హిల్స్ దవాఖాన పేరులోని మనిషి గుజరాత్‌ను పాలించారు

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి 1955లో మొదలైంది. ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసిన ఆయన 1960లో గుజరాత్ ఏర్పడ్డప్పుడు ఆ రాష్ట్రానికి తొలి గవర్నర్ అయ్యారు. రోజూ వేలమంది నోట నలిగే మూడక్షరాలు ఇవి, మనిషి మాత్రం ఎవరికీ గుర్తులేడు.

కీమో ఎక్కకముందే వచ్చే వాంతి

మీకు తెలుసా? కొందరికి కీమో మందు ఒక్క చుక్క ఒంట్లోకి పోకముందే వాంతి అవుతుంది. ఆస్పత్రి గేటు కనపడగానే, స్పిరిట్ వాసన తగలగానే, కిందటిసారి సూది గుచ్చిన నర్సమ్మ ఎదురుపడగానే కడుపులో తిప్పేస్తుంది. ఇంట్లోవాళ్లు "అంతా భయమే, ఉత్తగనే అట్ల చేస్తున్నడు" అనుకుంటారు. ఉత్తగ కాదు. రష్యాలో పావ్‌లోవ్ కుక్కలకు తిండి పెట్టే ముందు ఒక శబ్దం వినిపిస్తూ పోతే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే వాటి నోట్లో నీళ్లూరాయని బడిలో చదువుకున్నాం కదా, ఇదీ ఆ లెక్కే. మొదటి రెండు మూడు కీమోల్లో బాగా వాంతులైతే, ఆ వాసనకూ ఆ గదికీ వాంతికీ మెదడు ముడి వేసేస్తుంది. తర్వాత మందుతో పనిలేదు, వాసన చాలు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, కీమో తర్వాత వచ్చే వాంతులను బాగా ఆపే మాత్రలు ఈ ముందస్తు వాంతిని అంత బాగా ఆపలేవు. మాత్ర పనిచేసేది మందు రేపిన వికారం మీద, ఇది మెదడు నేర్చుకున్న వికారం. నేర్చుకున్నదాన్ని మరిపించడమే దీనికి మందు. 1982లో అమెరికాలో గ్యారీ మారో అనే పరిశోధకుడు సరిగ్గా ఇదే చేసి చూపించాడు. రోగులకు ముందు ఒళ్లంతా వదులు చేయడం నేర్పాడు. ఆ హాయిలో ఉండగా ఆస్పత్రికి బయలుదేరడం, గేటు, గది, కుర్చీ, సూది, ఇలా ఒక్కొక్కటే తక్కువ భయం పుట్టించేదాని నుంచి ఎక్కువ భయం పుట్టించేదాని దాకా మనసులో చూడమన్నాడు. దడ మొదలైతే ఆగి మళ్లీ ఒళ్లు వదులు చేసుకోవాలి. ఇలా చేసినవాళ్లలో ముందస్తు వికారం తగ్గింది. ఆ ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి.

ఇది మన దగ్గర ఎట్లా పనికొస్తుంది? అన్నింటికన్నా ముందు, మొదటి కీమో నాడే వాంతుల మందులు సరిగ్గా వేసుకోవాలి. డాక్టర్ మూడు రోజులకు రాసిచ్చిన మాత్రలను "ఇయ్యాల మంచిగనే ఉంది" అని మధ్యలో ఆపితే, ఆ ముడి పడే అవకాశం మనమే ఇచ్చినట్టు. మొదటిసారి వాంతులు రాకపోతే మెదడుకు నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. అయినా వికారం ముందే వస్తుంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి. దానికి వేరే మందులూ ఉన్నాయి, ఒళ్లు వదులు చేసే పద్ధతులూ ఉన్నాయి.

పిడికిలి బిగించడం నేర్పిన డాక్టర్

ఒళ్లు వదులు చేయడం అంటే పడుకోవడమే కదా అనుకుంటాం. షికాగోకు చెందిన ఎడ్మండ్ జాకబ్‌సన్ అది నిజం కాదన్నాడు. 1908లో హార్వర్డ్‌లో ఈ పని మొదలుపెట్టి, 1929లో 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్' అనే పుస్తకం వేశాడు. మనిషి మంచం మీద పడుకుని ఉన్నా కండరాలు లోలోపల బిగుసుకునే ఉంటాయని, ఆ బిగువు మనకు తెలియదని ఆయన గమనించాడు. దాన్ని పట్టుకోవడానికి కండరాల్లో పుట్టే అతి సన్నని విద్యుత్తును కొలిచే పరికరాలూ సిద్ధం చేసుకున్నాడు. ఆయన అసలు పద్ధతి నేర్చుకోవాలంటే నెలలు పట్టేది. 1973లో బెర్న్‌స్టీన్, బోర్కోవెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని 16 కండరాల గుంపులకు కుదించారు. ఇప్పుడు ప్రపంచమంతా క్యాన్సర్ ఆస్పత్రుల్లో నేర్పేది ఈ కుదించిన రకాలనే.

చేసే తీరు సులువు. కుర్చీలో ఆనుకుని కూర్చున్నా, నులక మంచంలో పడుకున్నా సరే. కుడి పిడికిలి ఐదారు సెకన్లు బిగించండి. ఒక్కసారిగా వదిలేయండి. వదిలాక అర నిమిషం ఆ చెయ్యి ఎట్లా బరువుగా, వెచ్చగా అవుతుందో గమనించండి. ఆ గమనించడమే అసలు పని, బిగించడం దానికి దారి మాత్రమే. తర్వాత ఎడమ పిడికిలి, మోచేతి పైభాగం, నుదురు, కళ్లు, దవడ, భుజాలు, పొట్ట, తొడలు, పిక్కలు. మొత్తానికి పావుగంట. దవడ దగ్గర చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. పళ్లు కొరుక్కుంటూ ఎన్నాళ్లుగా కూర్చున్నామో అప్పుడు తెలుస్తుంది.

జాగ్రత్తలు చెప్పకుండా ఈ పద్ధతి చెప్పకూడదు. సెలైన్ సూది ఉన్న చేతిని బిగించొద్దు. కోత పడ్డ చోటు, క్యాన్సర్ ఎముకలకు పాకిందని డాక్టర్ చెప్పిన చోటు వదిలేయండి. అక్కడ బిగించకుండా, "వదులవుతోంది" అనుకుంటూ ఊపిరి వదిలితే చాలు. రొమ్ము ఆపరేషన్ అయి చెయ్యి వాచే గుణం ఉన్నవాళ్లు ఆ చేతి సంగతి ఫిజియోథెరపిస్ట్‌ను అడగాలి.

ఇటలీలో లెక్కపెట్టిన జపం

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. ఇటలీలోని పావియాకు చెందిన లూసియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత రెండు పనులు చేయించింది. ఒకటి, క్రైస్తవులు పూసల దండ తిప్పుతూ లాటిన్‌లో చెప్పే ఆవే మరియా ప్రార్థన. రెండోది, బౌద్ధుల 'ఓం మణి పద్మే హుం' మంత్రం. రెండింటికీ ఊరూ భాషా దేవుడూ వేరు. కానీ రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి వచ్చి నిలిచింది. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఆరు దగ్గర గుండె లయ, రక్తపోటు, ఊపిరి మూడూ ఒక తాళంలో పడుతున్నాయని ఆ బృందం కొలిచి చెప్పింది.

దీని వెనక ఉన్న యంత్రాంగం ఇది: ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. నెమ్మదింపజేసేది మెదడు నుంచి ఛాతీ మీదుగా పొట్ట దాకా దిగే వేగస్ నరం. వదలడం ఎంత నిదానంగా ఉంటే ఆ నరానికి అంత పని దొరుకుతుంది. అందుకే కంగారులో ఉన్నవాళ్లకు "గట్టిగా ఊపిరి పీల్చు" అని చెప్పడం సగం సలహా మాత్రమే. మెల్లగా వదలమనాలి.

లెక్క కావాలంటే మనసులో నాలుగు అంకెలు పెడుతూ పీల్చండి, ఆరు అంకెలు పెడుతూ వదలండి. పది సెకన్లు. నిమిషానికి ఆరు. అంకెలు విసుగనిపిస్తే నరసింహస్వామి నామం, తస్బీ పూసల మీద అల్లా పేరు, ఏసు ప్రార్థన, ఏది అలవాటైతే అది. దేవుణ్ని నమ్మనివాళ్లకు అంకెలే చాలు, ఫలితంలో తేడా రాదు.

దీనికి చోటు వెతుక్కోనక్కర లేదు. బీబీనగర్, ఘట్‌కేసర్ దాటుతూ ఉప్పల్ వైపు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పది నిమిషాలు చేయొచ్చు. ఓపీ చీటీ పట్టుకుని పిలుపు కోసం చూసే గంటల్లో చేయొచ్చు. కీమో కుర్చీలో సూది కోసం నర్సమ్మ నరం వెతుకుతున్నప్పుడు చేయొచ్చు, ఆ నిమిషానికి ఇంతకు మించిన తోడు లేదు. తల తిరిగినట్టుంటే లెక్క తగ్గించి మామూలుగా ఊపిరి తీసుకోండి. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగం రకాలు వేరే సంగతి. కీమోతో నీరసించినవాళ్లు, కడుపు కోత మానుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాటి జోలికి పోవద్దు.

బస్సు మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. చికిత్స మధ్యలో "పైసలెక్కడివి, ఈసారి ఆగుదాం" అనే రందిలో ఇదొక ముడి సడలినట్టే.

తాటాకు విసనకర్రకు వైద్య పరీక్ష

నల్లగొండ నేలలో తాటిచెట్లకు కొదువ లేదు, ఒకప్పుడు తాటాకు విసనకర్ర లేని ఇల్లూ లేదు. ఆయాసపడే రోగికి ముసలమ్మలు విసురుతూ కూర్చోవడం చూసి "దీంతో ఏమైతది" అని నవ్వినవాళ్లూ ఉన్నారు. 2010లో ఇంగ్లండ్‌లో 50 మంది తీరని ఆయాసం ఉన్న రోగుల మీద ఇదే పరీక్షించారు. చేతిలో పట్టే చిన్న ఫ్యాన్ గాలిని ఐదు నిమిషాలు ముఖం మీదికి, మరోసారి ఐదు నిమిషాలు కాలి మీదికి తగిలేలా పెట్టారు. ముఖానికి గాలి తగిలినప్పుడు ఆయాసం తగ్గినట్టు రోగులు చెప్పారు. కాలికి గాలి తగిలితే ఆ తేడా లేదు. ముక్కు, చెంపల చుట్టూ ఉన్న నరాలకు చల్లగాలి తగిలితే మెదడుకు "ఊపిరి అందుతోంది" అన్న కబురు వెళ్తుందని వైద్యుల అభిప్రాయం.

ముసలమ్మలే గెలిచారు. విసనకర్ర అయినా, బ్యాటరీ ఫ్యాన్ అయినా ముక్కు మీదికి, పై పెదవి మీదికి పట్టండి. అయితే ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి తోడైనా విసురుతూ కూర్చోవద్దు. 108కు ఫోన్ చేయండి.

పావుగంట మాటలు, ఆపరేషన్ థియేటర్ బయట

2007లో న్యూయార్క్‌లో గై మాంట్‌గోమరీ బృందం రొమ్ము ఆపరేషన్‌కు ముందు 200 మంది స్త్రీలను రెండుగా విడదీసింది. ఒక గుంపుతో మనస్తత్వ నిపుణులు మామూలుగా మాట్లాడారు. రెండో గుంపుకు పావుగంట హిప్నాసిస్, అంటే ఒళ్లు వదులు చేయించి, హాయైన చోటును మనసులో చూపించి, నొప్పి వికారం తక్కువగా ఉంటాయని చెప్పడం. రెండో గుంపుకు మత్తుమందు తక్కువ పట్టింది. ఆపరేషన్ తర్వాత నొప్పి, వికారం, అలసట తగ్గాయి. ఒక్కొక్కరి మీద ఆస్పత్రికి 772 డాలర్లు ఆదా అయింది. మాటలకు డబ్బు లెక్క కట్టిన పరిశోధనలు అరుదు, అందుకే ఇది గుర్తుండిపోతుంది.

ముఖానికి జాలీ ముసుగు

తల, మెడ భాగంలో కరెంటు పెట్టేవాళ్లకు ఒక ప్లాస్టిక్ జాలీ ముసుగు చేస్తారు. వేడినీళ్లలో మెత్తబడ్డ పలకను ముఖం మీద పరిస్తే కొన్ని నిమిషాల్లో ముఖం ఆకారంలోనే గట్టిపడుతుంది. రోజూ దాన్ని తొడిగి బల్లకు బిగిస్తారు. తల కదలకుండా, కిరణాలు గడ్డ మీదే పడేలా చూసే ఏర్పాటు అది. పొగాకు, గుట్కా అలవాటు వల్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా ఉన్న మన దగ్గర ఈ ముసుగు వేసుకునేవాళ్లు తక్కువేమీ కాదు. గదిలోంచి సిబ్బంది బయటికి వెళ్లి తలుపు మూసేసరికి కొందరికి ప్రాణం పోతున్నంత బుగులు పుడుతుంది.

ముందే తెలిస్తే సగం బుగులు తగ్గుతుంది. సిబ్బంది కెమెరాలో చూస్తూనే ఉంటారు, మైకులో మాట్లాడతారు. చెయ్యి ఎత్తితే యంత్రం ఆపుతారు. జాలీలోంచి ఊపిరి బాగానే ఆడుతుంది. యంత్రం నడిచేది చాలావరకు కొన్ని నిమిషాలే, మిగతాదంతా సర్దుబాటు. ఆ నిమిషాల్లో నాలుగు-ఆరు లెక్క పెట్టుకోవచ్చు. పాట పెడతారేమో అడగొచ్చు. ముసుగు కొలత తీసే రోజునే "నాకు మూసిన చోట భయం" అని చెప్పేయడం అన్నింటికన్నా మేలు.

"ధైర్యంగా ఉంటే రోగం పోతది" అన్నది నిజమా?

ఈ ఒక్క సంగతి మీద కొంచెం నిలబడాలి. రోగి చుట్టూ చేరినవాళ్లు అనే మొదటి మాట ఇదే. మంచి మనసుతోనే అంటారు. కానీ దాని వెనక ఒక కత్తి ఉంది. జబ్బు తిరగబెడితే, "నేను ధైర్యంగా లేనందుకేనా?" అని రోగి తనను తాను దోషిని చేసుకుంటాడు.

1970లలో కార్ల్ సైమన్‌టన్ అనే అమెరికా రేడియేషన్ డాక్టర్, ఒంట్లోని తెల్లకణాలు క్యాన్సర్ కణాలను తినేస్తున్నట్టు రోజూ ఊహించుకోమని రోగులకు నేర్పాడు. 1978లో ఆయన పుస్తకం బాగా అమ్ముడుపోయింది. ఊహతో గడ్డ కరుగుతుందన్నది మాత్రం ఇప్పటికీ రుజువు కాలేదు. 1989లో డేవిడ్ స్పీగెల్ రొమ్ము క్యాన్సర్ ముదిరిన 86 మంది స్త్రీల మీద చేసిన పరిశోధన లాన్సెట్‌లో వచ్చినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. వారానికోసారి కలిసి కూర్చుని మాట్లాడుకుని, ఒళ్లు వదులు చేసుకునే పద్ధతులు నేర్చుకున్నవాళ్లు మిగతావారికంటే సగటున ఏడాదిన్నర ఎక్కువ బతికారని అందులో ఉంది. 2001లో కెనడాలో పమేలా గుడ్‌విన్ బృందం అంతకంటే పెద్ద పరిశోధన చేస్తే ఆయుష్షులో తేడా కనపడలేదు. 2007లో స్పీగెల్ తన పరిశోధనను తానే మళ్లీ చేశాడు. ఆ ఫలితం రాలేదు. రాలేదని తానే అచ్చు వేయించాడు. అలాంటి శాస్త్రవేత్తకు దండం పెట్టాలి.

అయితే గుడ్‌విన్ పరిశోధనలో ఆ స్త్రీలకు దిగులు తగ్గింది, నొప్పి తగ్గింది. ఈ పద్ధతులన్నింటి అసలు విలువ అక్కడే ఉంది. ఇవి గడ్డను కరిగించవు. గడ్డతో బతికే రోజును మార్చుతాయి. అది చిన్న విషయమని అనేవాడు ఒక్క రాత్రి కీమో వార్డులో పడుకుని చూడాలి.

రోగుల మనసు కోసం 1977లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో ప్రత్యేక విభాగం మొదలుపెట్టిన డాక్టర్ జిమ్మీ హాలండ్, ఎప్పుడూ ధైర్యంగానే ఉండాలనే ఒత్తిడిని ఒక రకం నిరంకుశత్వంగా చూశారు. ఏడుపొస్తే ఏడవనివ్వాలన్నది ఆమె మాట. కన్నీళ్లు గడ్డను పెంచవు.

పడుకుంటే తగ్గని నీరసం

కీమో నీరసం మామూలు అలసట కాదు, నిద్రపోయినా తీరదు. "నడువకు, పండుకో" అని ఇంట్లోవాళ్లు మంచం దిగనివ్వరు. 2017లో కరెన్ మస్టియన్ బృందం 113 పరిశోధనలను, 11 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. ఈ నీరసాన్ని తగ్గించడంలో వ్యాయామం, మనసుకు ఇచ్చే చికిత్స రెండూ మందుల కంటే బాగా పనిచేశాయి. వాకిట్లో పది నిమిషాల నడక కూడా లెక్కలోకి వస్తుంది. రక్తం బాగా తగ్గినవాళ్లు, జ్వరమున్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి.

శవాసనం బెంగళూరు నుంచి హ్యూస్టన్‌కు

పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలోనే శవాసనం అలసట తీరుస్తుందని, మనసుకు విశ్రాంతినిస్తుందని ఉంది. దాన్ని క్యాన్సర్ వార్డులోకి తెచ్చినవాళ్లలో మన పక్క రాష్ట్రంవాళ్లూ ఉన్నారు. బెంగళూరు దగ్గరి ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయానికి చెందిన నాగరత్న, నాగేంద్ర బృందంతో కలిసి అమెరికాలోని హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం రొమ్ము క్యాన్సర్ రేడియేషన్ నడుస్తున్న స్త్రీలకు యోగా నేర్పింది. 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో ఉత్త సాగదీత వ్యాయామాలు చేసినవాళ్లతో పోల్చితే యోగా చేసినవాళ్ల ఒంటి సత్తువ, ఆరోగ్యం మీద వాళ్ల అభిప్రాయం మెరుగయ్యాయి. 2023లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం, ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆందోళనకు, దిగులుకు ధ్యాన పద్ధతులు, యోగా, ఒళ్లు వదులు చేయడం, సంగీతం అన్నీ చోటు చేసుకున్నాయి.

క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లు నడుము మెలితిప్పే ఆసనాలు మానుకోవాలి. టీవీలో చూసి చేయొద్దు.

గుంపుగా పాడితే

వేల్స్‌లో క్యాన్సర్ రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లు, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లు కలిసి పాడే బృందాలు ఉన్నాయి. 2016లో అలాంటి 193 మంది లాలాజలం పాటకు ముందు ఒకసారి, గంట పాడాక ఒకసారి పరీక్షిస్తే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. మనసు తేలికపడిందని వాళ్లూ చెప్పారు. ఒకే లయలో చప్పట్లు, ఒకరు అందుకుంటే అందరూ పలికే పల్లవి, గుండ్రంగా కదిలే అడుగులు, ఇదంతా చదువుతుంటే మోత్కూర్ ఆడవాళ్లకు బతుకమ్మే గుర్తొస్తుంది. జుట్టు ఊడిందని ఆ ఏడు బతుకమ్మకు రాకుండా ఇంట్లో కూర్చునే అక్కలు ఉంటారు. కీమో వల్ల తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో గుంపులోకి రావద్దన్నది నిజమే. ఆ రోజుల్లో నలుగురు వాళ్ల వాకిట్లోకే వెళ్లి, ముక్కు మూతికి మాస్కు కట్టుకుని రెండు పాటలు పాడొచ్చు కదా.

హాయి కోసం కూర్చుంటే దడ పుడితే

కళ్లు మూసుకోగానే కొందరికి ఉల్టా భయం పెరుగుతుంది. 1983లోనే పరిశోధకులు దీన్ని గుర్తించి రాశారు. అది మీ తప్పు కాదు. కళ్లు తెరిచి చేయండి, మూడు నిమిషాలకే ఆపండి. లేదా ధ్యానం వదిలేసి చేతికి పని పెట్టండి: చిక్కుడుకాయలు తుంచడం, పూలు గుచ్చడం, మగ్గం ముందు కూర్చోగలిగితే మగ్గం.

సున్నా నుంచి పది దాకా

జ్వరానికి థర్మామీటర్ ఉన్నట్టు రంది కొలవడానికీ ఒకటి ఉంది. కాగితం మీద థర్మామీటర్ బొమ్మ, కింద సున్నా, పైన పది. గడిచిన వారంలో మనసుకు ఎంత కష్టంగా ఉందో రోగి ఒక అంకె మీద సున్న చుడతాడు. నాలుగు, అంతకు మించి వస్తే మనసు సంగతి చూసే మనిషిని కలపాలన్నది అమెరికా క్యాన్సర్ కేంద్రాలు వాడే కొలమానం. దీనికి చదువుతో పనిలేదు. ఇంట్లో రాత్రి అన్నం తిన్నాక "ఇయ్యాల పదిలో ఎంత?" అని అడగొచ్చు. "ఎట్లున్నవ్" అంటే "మంచిగున్న" అనే మనిషి, పదిలో ఎంత అంటే "ఏడు" అని నిజం చెప్పే అవకాశం ఎక్కువ.

అడిగేవాళ్లూ తమ అంకె చెప్పాలి. ఆస్పత్రి మెట్ల మీద పడుకునే కొడుకు, పొలం కౌలుకిచ్చి తోడొచ్చిన భర్త, సెలవు దొరకని కోడలు, వీళ్ల అంకె ఎవరూ అడగరు. "ఆమెకు చెప్పకండి సార్" అని డాక్టర్‌ను బతిమాలే కుటుంబాలు మన దగ్గర చాలా ఎక్కువ. ఆమెకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. దాచేవాళ్లూ తెలియనట్టు నటించేవాళ్లూ ఒకే గదిలో నిద్రపోకుండా గడిపే రాత్రులకు ఏ ధ్యానమూ సరిపోదు.

నొప్పికి ముందు నొప్పి మందు

నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఊపిరి లెక్కలు చెప్పడం క్రూరత్వం. ముందు నొప్పి తగ్గాలి. మార్ఫిన్ దొరకడంలో ఉన్న అడ్డంకులు తగ్గిస్తూ 2014లో కేంద్రం మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడే మార్ఫిన్ రోగిని మత్తుకు బానిసను చేయదు, ఆ భయంతో నొప్పి భరించనక్కర లేదు. ఎంఎన్‌జేలో నొప్పి, ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. ఉపశమన చికిత్స అంటే ఆఖరి రోజులకేనన్నది పెద్ద అపోహ. 2010లో అమెరికాలో 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధనలో మొదటి నుంచే ఉపశమన చికిత్స అందినవాళ్లకు దిగులు తక్కువగా ఉంది. వాళ్లు సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా. డేవిడ్ స్పీగెల్ వెతికిన ఆయుష్షు ఇక్కడ దొరకడం వైద్య చరిత్రలో ఒక తమాషా.

ఇవి తోడు మాత్రమే

"కీమో మానేయండి, నా ప్రాణాయామంతో, నా పసరుతో పోగొడతా" అనేవాళ్లు ప్రతి మండలంలో ఉంటారు. 2018లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధన, నయమయ్యే దశలో ఉండి కూడా వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్న 281 మందిని చూసింది. వైద్యం చేయించుకున్నవాళ్లతో పోల్చితే వీళ్లకు చావు ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్లకు పైనే.

కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది పడుకుని ఊపిరి లెక్కపెట్టే సమయం కాదు, అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి బయలుదేరాలి. ఒంటికి ఏమీ లేకున్నా మనసు కుదుటపడకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే, టెలి మానస్‌కు ఫోన్ చేయండి. నంబర్ 14416. రోగులే కాదు, వాళ్లతో తిరిగేవాళ్లూ చేయొచ్చు. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు.